20 పేర్ల తర్వాత పిలిచిన పేరు: ర్యాండీ మాస్ కథ



1998 ఏప్రిల్ 18. న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లోని టీమ్‌లు కాలేజీ కుర్రాళ్లని ఎంచుకుంటున్నాయి. స్టేజ్ మీద నుంచి ఒక్కో పేరు పిలుస్తున్నారు. ఒకటో పేరు అయింది, పదో పేరు అయింది, ఇరవయ్యో పేరు కూడా అయిపోయింది. ఆ ఏడాది కాలేజీల్లో బంతి పట్టేవాళ్లలో అందరికంటే డేంజరస్ ఎవరు అంటే ఎక్కువ మంది చెప్పే పేరు మాత్రం ఇంకా రాలేదు. చివరికి 21వ పేరుగా వచ్చింది. ర్యాండీ మాస్.

అదే ఏడాది డిసెంబర్‌కల్లా ఆ కుర్రాడు 17 టచ్‌డౌన్ క్యాచ్‌లు పట్టాడు. లీగ్ చరిత్రలో మొదటి సీజన్‌లో అన్ని పట్టినవాడు అంతకుముందు లేడు, ఆ తర్వాత కూడా రాలేదు. ఇప్పుడు సీజన్‌లో మ్యాచ్‌లు 16 నుంచి 17కి పెరిగాయి, రూల్స్ కూడా బంతి విసిరేవాళ్లకి అనుకూలంగా మారాయి. అయినా ఆ 17 అలాగే ఉంది.

సో, ఈ ఎపిసోడ్‌లో మన ముందు రెండు ప్రశ్నలున్నాయి. లక్షల డాలర్లు ఖర్చుపెట్టి కుర్రాళ్లని వెతికే టీమ్‌లు ఇతన్ని ఎందుకు వదిలేశాయి? ఆ సీజన్ తర్వాత ఇతని జీవితం ఏమైంది? రెండో ప్రశ్నకి జవాబు దొరికాకే మొదటి ప్రశ్న సరిగ్గా అర్థమవుతుంది. ఎందుకంటే 9 ఏళ్ల తర్వాత లీగ్ ఇతన్ని మళ్ళీ ఒకసారి తక్కువకి లెక్కగట్టింది.

ముందు ఆట సంగతి

ఈ ఆట తెలిసినవాళ్లు ఒక్క నిమిషం ఓపిక పట్టండి. టీమ్‌కి 11 మంది. గ్రౌండ్ పొడవు 100 గజాలు. ప్లాట్ కొనేటప్పుడు చదరపు గజాలు అంటాం కదా, ఆ గజమే, అంటే మూడడుగులు. బంతి మీ దగ్గరుంటే నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకు వెళ్లాలి. వెళ్తే మళ్ళీ నాలుగు ఛాన్సులు ఇస్తారు. అలా వెళ్తూ వెళ్తూ అవతలి గీత దాటితే టచ్‌డౌన్, 6 పాయింట్లు. అంత దూరం వెళ్లలేకపోతే బంతిని కాలితో తన్ని రెండు స్తంభాల మధ్య నుంచి పంపొచ్చు. అది ఫీల్డ్ గోల్, 3 పాయింట్లు.

బంతి విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్. పరిగెత్తి వెళ్లి పట్టేవాడు రిసీవర్. అతని పక్కనే అవతలి టీమ్ డిఫెండర్ కూడా పరిగెడుతుంటాడు. మన హీరో రిసీవర్. ఎత్తు ఆరడుగుల నాలుగు అంగుళాలు. మామూలుగా అంత ఎత్తున్నవాళ్లకి స్పీడ్ తక్కువ, బాగా స్పీడ్ ఉన్నవాళ్లు పొట్టిగా ఉంటారు. మాస్‌కి రెండూ ఉన్నాయి. వెనక నుంచి వచ్చే బంతిని పరిగెడుతూనే చూసి, చివరి క్షణం దాకా చేతులు పైకెత్తకుండా ఉండి, ఠక్కున అందుకునేవాడు. చేతులు లేచేదాకా పక్కనున్న డిఫెండర్‌కి బంతి వస్తున్నట్టు తెలిసేది కాదు.

ఇక డ్రాఫ్ట్. మన క్యాంపస్ ప్లేస్‌మెంట్స్‌ని తిరగేసి ఊహించుకోండి. ఇక్కడ డే వన్ పెద్ద కంపెనీలది. అక్కడ మొదటి ఛాన్స్ పోయిన సీజన్‌లో అట్టడుగున ఉన్న టీమ్‌ది. పైగా కుర్రాడికి ఛాయిస్ లేదు. పిలిచిన టీమ్‌కే వెళ్లాలి, రెండు ఆఫర్ లెటర్లు పట్టుకుని బేరం ఆడటం కుదరదు. ఎంత ముందు పిలిస్తే మామూలుగా అంత ఎక్కువ డబ్బు. అంటే 21వ పేరు అనేది ఒక రేటు కార్డ్ లాంటిది.

బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్

మాస్ పుట్టింది 1977 ఫిబ్రవరి 13న, వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో రాండ్ అనే చిన్న ఊళ్లో. కెమికల్ ఫ్యాక్టరీల లోయ అది. పక్క ఊరు బెల్‌లో డ్యూపాంట్ కంపెనీ ప్లాంట్ ఉంది, ఇతను చదివిన బడి పేరు కూడా డ్యూపాంట్ హైస్కూలే. ఆ స్కూల్ 1992, 1993లో రాష్ట్ర ఫుట్‌బాల్ ఛాంపియన్. బాస్కెట్‌బాల్‌లో అయితే ఇతను రెండుసార్లు రాష్ట్ర ఉత్తమ ఆటగాడు. ఆ బాస్కెట్‌బాల్ టీమ్‌లో ఇతని జోడీ జేసన్ విలియమ్స్, తర్వాత ఎన్‌బీఏకి ఆడినతను. ఆ చిన్న స్కూల్ నుంచి ఇద్దరూ అదే 1998లో రెండు వేర్వేరు లీగ్‌లలో డ్రాఫ్ట్ అయ్యారు.

నోటర్‌డేమ్ అనే పేరున్న యూనివర్సిటీలో మాస్‌కి సీటు ఖాయమైంది. అప్పుడు, 1995 మార్చిలో, స్కూల్లో గొడవ. ఒక తెల్ల విద్యార్థి తన నల్లజాతి స్నేహితుడి మీద జాతి పేరుతో తిట్లు రాశాడన్న విషయం మీద మొదలైంది. ఆ కొట్లాటలో మాస్ అతన్ని కాలితో తన్నాడు. అతను ఆస్పత్రి పాలయ్యాడు. జాతి తిట్టు ఎంత నీచమైనదైనా, ఒక మనిషిని ఆస్పత్రికి పంపడం చిన్న తప్పేమీ కాదు. మాస్ కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. 30 రోజుల జైలు. అందులో కొన్ని రోజులు అప్పుడే, మిగతావి కాలేజీలో మొదటి ఏడాది అయ్యాక. నోటర్‌డేమ్ తలుపు మూసేసింది.

ఫ్లోరిడా స్టేట్ తీసుకుంది, కానీ మొదటి ఏడాది మ్యాచ్‌లు ఆడనివ్వలేదు. 1996లో గంజాయి టెస్ట్ పాజిటివ్ వచ్చింది. ప్రొబేషన్‌లో ఉన్నవాడు కాబట్టి మళ్ళీ జైలు. ఫ్లోరిడా స్టేట్ కూడా తీసేసింది. అంటే 20 ఏళ్లు నిండకముందే రెండు పెద్ద యూనివర్సిటీలు వద్దన్నాయి.

మిగిలింది సొంత రాష్ట్రంలో, హంటింగ్టన్‌లో ఉన్న మార్షల్ యూనివర్సిటీ. అప్పటికి అది ఒక మెట్టు కింది డివిజన్‌లో ఆడేది. ఆ డివిజన్‌కి మారితే ఏడాది కూర్చోబెట్టే రూల్ వర్తించదు, వెంటనే ఆడొచ్చు. 1996లో మార్షల్ 15 మ్యాచ్‌లాడి 15 గెలిచి ఛాంపియన్ అయింది. 1997లో పై డివిజన్‌కి వెళ్లింది. అక్కడ కూడా మాస్ ఆగలేదు. రెండేళ్లలో 54 టచ్‌డౌన్ క్యాచ్‌లు. కాలేజీ ఉత్తమ రిసీవర్‌కి ఇచ్చే బిలెట్నికాఫ్ అవార్డ్ కూడా వచ్చింది. దేశంలో ఉత్తమ కాలేజీ ఆటగాడికి ఇచ్చే హైస్‌మన్ ఓటింగ్‌లో 4వ స్థానం.

ఇప్పుడు మీరొక టీమ్ మేనేజర్ అనుకోండి. టేబుల్ మీద రెండు ఫైళ్లున్నాయి. ఒకటి వీడియోలది, అందులో 100కి 100. రెండోది బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్, అందులో రెండు ఎర్ర గీతలు. కోట్ల డబ్బు మీది కాదు, ఓనర్‌ది. ఇతను మళ్ళీ ఏదైనా చేస్తే ఊడేది మీ ఉద్యోగం. మంచి ఆటగాణ్ణి వదిలేస్తే మాత్రం ఎవరూ పెద్దగా అడగరు, ఎందుకంటే మీతో పాటు ఇంకో 18 టీమ్‌లు వదిలేశాయి కదా. నాకు అర్థమైనంతలో అక్కడ జరిగింది ఇదే. ఎవరికీ కళ్లు లేక కాదు. భయానికి ఒక లెక్క ఉంది, ఆ లెక్క ప్రకారం నడుచుకున్నారు.

డాలస్ కౌబాయ్స్ తనని తీసుకుంటుందని మాస్ నమ్మాడు. 8వ ఛాన్స్ వాళ్లది. గ్రెగ్ ఎల్లిస్ అనే డిఫెండర్‌ని తీసుకున్నారు. సిన్సినాటికి రెండు ఛాన్సులొచ్చాయి, రెండుసార్లూ వదిలేసింది. టెనెసీకి రిసీవరే కావాలి, 16వ పేరుగా కెవిన్ డైసన్‌ని పిలిచింది. 18వ ఛాన్స్ న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్‌ది, ఈ పేరు గుర్తుపెట్టుకోండి. 19 గ్రీన్ బే ప్యాకర్స్, 20 డెట్రాయిట్ లయన్స్. ఈ చివరి రెండూ ఏటా రెండేసిసార్లు మినెసోటాతో ఆడాల్సిన టీమ్‌లు. 21వ ఛాన్స్ మినెసోటా వైకింగ్స్‌ది.

నిజం చెప్పాలంటే ఎల్లిస్ చాలా ఏళ్లు మంచి ఆట ఆడాడు, ప్యాకర్స్ తీసుకున్న వానీ హాలిడే కూడా బాగానే రాణించాడు. కాబట్టి అందరూ తెలివితక్కువవాళ్లు అని నేననను. కానీ అదే డ్రాఫ్ట్‌లో 2వ పేరుగా వెళ్లిన క్వార్టర్‌బ్యాక్ ర్యాన్ లీఫ్ మొదటి సీజన్‌లో 2 టచ్‌డౌన్లు విసిరి, 15 బంతులు ప్రత్యర్థుల చేతికిచ్చాడు. మాస్ కోసం వాడిన ఫిల్టర్‌లో లీఫ్ పట్టుబడలేదు.

పారేసిన సామాన్లతో కట్టిన ఇల్లు

మినెసోటా ఎందుకు తీసుకుంది? ఆ టీమ్‌ని ఒకసారి చూడండి, జవాబు అక్కడే ఉంది.

హెడ్ కోచ్ డెనిస్ గ్రీన్. ఆ రోజుల్లో లీగ్‌లో ఉన్న అతి కొద్దిమంది నల్లజాతి హెడ్ కోచ్‌లలో ఒకరు. సీనియర్ రిసీవర్ క్రిస్ కార్టర్. డ్రగ్స్ కారణంగా 1990లో ఫిలడెల్ఫియా ఇతన్ని వదిలేస్తే, మినెసోటా కేవలం 100 డాలర్ల ఫీజు కట్టి తెచ్చుకుంది. మీరు చదివింది కరెక్టే, 100 డాలర్లు. అదే మనిషి తర్వాత హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్లాడు. క్వార్టర్‌బ్యాక్ రాండల్ కన్నింగ్‌హామ్. ఒకప్పటి స్టార్, కానీ 1996లో ఆట మానేసి మార్బుల్, గ్రానైట్ పని చేసుకున్నాడు. 1998లో రెండో మ్యాచ్‌లో మెయిన్ క్వార్టర్‌బ్యాక్ బ్రాడ్ జాన్సన్‌కి కాలికి దెబ్బ తగిలితే, బెంచ్ మీదున్న కన్నింగ్‌హామ్ దిగాడు.

అంటే బయటివాళ్లు పనికిరారని పక్కన పెట్టినవాళ్లతో ఆడిన టీమ్ అది. ర్యాండీ మాస్‌కి ఏం చెప్పాలో కార్టర్‌కి తెలుసు, ఎందుకంటే అతను కూడా ఆ దారిలోనే నడిచి వచ్చాడు. ఈ కుర్రాణ్ణి తన దగ్గరే పెట్టుకుని ట్రైనింగ్ ఇచ్చాడు. మిగతా టీమ్‌లు ఇతనిలో తప్పేంటి అని అడిగాయి. మినెసోటా ఇతను ఎవరి పక్కన ఉంటే బాగుపడతాడు అని అడిగింది. ఫైల్ అదే అయినా ప్రశ్న మారితే జవాబు కూడా మారింది.

మూడు రాత్రులు

1998 సీజన్ మొత్తం చెప్పను, మూడు మ్యాచ్‌లు చాలు.

సెప్టెంబర్ 6, మొదటి మ్యాచ్, టాంపా బే మీద. 4 క్యాచ్‌లు, 95 గజాలు, 2 టచ్‌డౌన్లు. ఫ్రెషర్ ఫస్ట్ డే రోజే కోడ్ ప్రొడక్షన్‌లో పెట్టినట్టు.

అక్టోబర్ 5, సోమవారం రాత్రి, దేశమంతా చూసే మ్యాచ్. గ్రీన్ బేలోని ల్యాంబో ఫీల్డ్. వర్షం. డ్రాఫ్ట్‌లో రెండు స్థానాల ముందు మాస్‌ని వదిలేసిన ప్యాకర్స్ ఇల్లు అది. గత రెండు సీజన్లూ సూపర్ బౌల్ దాకా వెళ్లిన టీమ్. సొంత గ్రౌండ్‌లో వరుసగా 25 మ్యాచ్‌లు గెలిచి ఉంది. ఆ రాత్రి మాస్ పట్టింది 5 బంతులే. 190 గజాలు, 2 టచ్‌డౌన్లు. కన్నింగ్‌హామ్ మొత్తం 442 గజాలు విసిరాడు. మినెసోటా 37, గ్రీన్ బే 24. ఆ 25 మ్యాచ్‌ల వరుస అక్కడితో ఆగింది.

నవంబర్ 26, థ్యాంక్స్‌గివింగ్. అమెరికాలో ఆ రోజు కుటుంబాలన్నీ భోజనాలు చేసి టీవీ ముందు కూర్చుంటాయి. మ్యాచ్ డాలస్‌లో. అవును, 8వ ఛాన్స్‌లో వదిలేసిన డాలస్. మాస్ మూడే మూడు క్యాచ్‌లు పట్టాడు. 51 గజాలు, 56 గజాలు, 56 గజాలు. మూడూ టచ్‌డౌన్లే. 3 క్యాచ్‌లు, 163 గజాలు, 3 టచ్‌డౌన్లు. ఒక్క గజం కూడా వేస్ట్ పోలేదు. మినెసోటా 46-36తో గెలిచింది. మాస్‌ని వదులుకున్నందుకు బాధపడుతున్నానని డాలస్ ఓనర్ జెర్రీ జోన్స్ తర్వాతి ఏళ్లలో బహిరంగంగానే చెప్పాడు.

సీజన్ మొత్తం 69 క్యాచ్‌లు, 1,313 గజాలు, 17 టచ్‌డౌన్లు. సగటున ఒక్కో క్యాచ్‌కి 19 గజాలు. మినెసోటా 16లో 15 గెలిచింది, 556 పాయింట్లు చేసింది. అప్పటికి లీగ్ చరిత్రలో ఏ టీమూ అన్ని చేయలేదు.

ఈ అంకెల కంటే నాకు ముఖ్యంగా అనిపించేది ఇంకోటి ఉంది. 1999 డ్రాఫ్ట్‌లో గ్రీన్ బే తన మొదటి మూడు ఛాన్సుల్లో ముగ్గురు డిఫెండర్లని తీసుకుంది. ముగ్గురూ రిసీవర్ల వెనక పరిగెత్తి పాస్‌లు ఆపేవాళ్లే. ఏడాది ముందు ఒక్క పేరు పిలిచి ఉంటే సరిపోయేదానికి, ఇప్పుడు మూడు పేర్లు పిలవాల్సి వచ్చింది. ఒక ఆటగాడి విలువ తెలియాలంటే అతని స్కోరు చూడటం కంటే, అతని కోసం ప్రత్యర్థి ఇల్లు ఎంత సర్దుకున్నాడో చూడాలి.

38 గజాలు

ఇక్కడ సినిమా అయితే కప్పు గెలిచి ఎండ్ టైటిల్స్ పడాలి. పడలేదు.

1999 జనవరి 17, మినియాపొలిస్. అట్లాంటా ఫాల్కన్స్‌తో మ్యాచ్. గెలిస్తే సూపర్ బౌల్. రెండు నిమిషాల కొద్ది సేపు మిగిలి ఉండగా మినెసోటా 27-20తో ముందుంది. ఒక్క ఫీల్డ్ గోల్ కొడితే 10 పాయింట్ల తేడా, మ్యాచ్ అయిపోయినట్టే. తన్నేవాడు గ్యారీ ఆండర్సన్. ఆ సీజన్‌లో తన్నిన 35కి 35 గోల్స్ కొట్టాడు. ఒక్కటీ పోలేదు. దూరం 38 గజాలు. బంతి ఎడమ పక్కకి వెళ్లిపోయింది.

అట్లాంటా స్కోర్ సమం చేసింది. ఓవర్‌టైమ్‌లో అట్లాంటా కిక్కర్ మోర్టెన్ ఆండర్సన్ ఫీల్డ్ గోల్ కొట్టాడు. 30-27. అది ఎన్ని గజాల నుంచో తెలుసా? 38. ఇద్దరి ఇంటిపేరూ తెలుగులో రాస్తే ఆండర్సనే. దూరం కూడా అంతే. ఒకటి పోయింది, ఒకటి పడింది.

21 ఏళ్ల మాస్ చేయగలిగింది ఆ క్షణంలో ఏమీ లేదు, పక్కన నిలబడి చూశాడంతే. ఆ తర్వాత కూడా అతని కెరీర్‌లో ఇదే సీన్ వేరే జెర్సీల్లో రిపీట్ అయింది.

ఇల్లు మారితే

గొప్ప మొదటి సీజన్ వస్తే జీవితం సెట్ అయినట్టే అనుకుంటాం. కాదు. 2004లో టాంపా బేలో మైకేల్ క్లేటన్ అనే రిసీవర్ మొదటి సీజన్‌లో 80 క్యాచ్‌లు, 1,193 గజాలు చేశాడు. ఆ తర్వాత ఒక్క సీజన్‌లో కూడా 500 గజాలు దాటలేదు. కాబట్టి మాస్ తర్వాత ఏం చేశాడన్నది చిన్న విషయం కాదు.

మొదటి ఆరు సీజన్లలో ప్రతిసారీ వెయ్యి గజాలు దాటాడు. అంతకుముందు ఎవరూ కెరీర్‌ని అలా మొదలుపెట్టలేదు. 2003లో అయితే 111 క్యాచ్‌లు, 1,632 గజాలు, మళ్ళీ 17 టచ్‌డౌన్లు. కానీ చుట్టూ ఉన్న ఇల్లు మెల్లగా కూలుతోంది. 2001 ఆగస్ట్ 1న సహచరుడు కోరీ స్ట్రింగర్ ప్రాక్టీస్‌లో వడదెబ్బతో చనిపోయాడు. ఎప్పుడూ గట్టిగా, పొగరుగా కనిపించే మాస్ కెమెరాల ముందు వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ సీజన్ అయ్యేసరికి కోచ్ గ్రీన్ వెళ్లిపోయాడు, కార్టర్ వెళ్లిపోయాడు. తనని చేతుల్లో పెట్టుకుని చూసుకున్న ఇద్దరూ లేరు.

ఆ సీజన్ నుంచే వార్తలు వేరేగా వచ్చాయి. నాకు ఆడాలనిపించినప్పుడే ఆడతాను అని అర్థం వచ్చేలా మాట్లాడాడు, ఆ మాట కెరీర్ అంతా వెంటాడింది. 2002లో మినియాపొలిస్‌లో ట్రాఫిక్ కంట్రోల్ ఉద్యోగిని కారుతో నెట్టిన కేసు. 2005 జనవరిలో ల్యాంబో ఫీల్డ్‌లో టచ్‌డౌన్ కొట్టి, ప్రేక్షకుల వైపు ప్యాంట్ విప్పుతున్నట్టు నటించాడు. 10,000 డాలర్ల ఫైన్ పడింది. అదే మార్చిలో మినెసోటా అతన్ని ఓక్లాండ్ రైడర్స్‌కి ఇచ్చేసింది.

ఓక్లాండ్‌లో ఏమైంది? మొదటి ఏడాది 1,005 గజాలు. రెండో ఏడాది 553 గజాలు, 3 టచ్‌డౌన్లు. 2006లో ఆ టీమ్ 16లో 2 గెలిచింది. సంతోషంగా లేకపోవడం వల్ల ఒక్కోసారి ఏకాగ్రత తగ్గుతోందని తనే మీడియాతో అన్నాడు. జీతం తీసుకుంటూ అలా అనడం సరికాదు, ఫ్యాన్స్‌కి కోపం రావడం న్యాయమే. 30 ఏళ్లొచ్చాయి, కాళ్లు అయిపోయాయి, మనసూ లేదు అని లీగ్ తీర్మానించేసింది.

రెండోసారి అదే లెక్క

2007 ఏప్రిల్ 29. మళ్ళీ డ్రాఫ్ట్ రోజులే. ఓక్లాండ్ మాస్‌ని ఇచ్చేసి బదులుగా ఒకే ఒక్క నాలుగో రౌండ్ ఛాన్స్ తీసుకుంది. అంటే 110వ పేరు. 1998లో 21 అనే రేటు అన్యాయం అనుకుంటే, ఇప్పుడు 110.

కొన్నది న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్. గుర్తుందా, 1998లో 18వ ఛాన్స్‌లో వదిలేసిన టీమ్. మాస్ జీతం బాగా తగ్గించుకుని ఒక ఏడాది కాంట్రాక్ట్ మీద వచ్చాడు. క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ, కోచ్ బిల్ బెలిచిక్.

మొదటి మ్యాచ్‌లోనే 9 క్యాచ్‌లు, 183 గజాలు. అయిపోయాయన్న కాళ్లు అవే. సీజన్ చివరి మ్యాచ్ డిసెంబర్ 29న, న్యూయార్క్ జెయింట్స్ మీద. బ్రేడీ దూరంగా విసిరిన ఒక బంతిని మాస్ వదిలేశాడు. వెంటనే తర్వాతి బంతి కూడా అలాగే విసిరాడు. ఈసారి 65 గజాల టచ్‌డౌన్. ఒక్క బంతితో రెండు రికార్డులు. బ్రేడీకి సీజన్‌లో 50వ టచ్‌డౌన్ పాస్, మాస్‌కి 23వ టచ్‌డౌన్ క్యాచ్. అంతకుముందు రికార్డ్ జెర్రీ రైస్‌ది, 1987లో 22. రైస్ ఆ ఏడాది ఆడింది 12 మ్యాచ్‌లే, ఆటగాళ్ల సమ్మె వల్ల. ఆ మాట కూడా చెప్పాలి కదా.

పేట్రియాట్స్ 16కి 16 గెలిచారు. 589 పాయింట్లు. 1998 వైకింగ్స్ 556 రికార్డ్ పోయింది. ఇక్కడొక్క క్షణం ఆగండి. పాత రికార్డ్ టీమ్‌లోనూ మాస్ ఉన్నాడు, కొత్త రికార్డ్ టీమ్‌లోనూ మాస్ ఉన్నాడు.

2008 ఫిబ్రవరి 3, సూపర్ బౌల్, మళ్ళీ జెయింట్స్. 2 నిమిషాల 42 సెకన్లు ఉందనగా మాస్ టచ్‌డౌన్ పట్టాడు. 14-10. హీరో అయిపోయాడనే అనుకున్నారు. జెయింట్స్ రిసీవర్ డేవిడ్ టైరీ బంతిని తన హెల్మెట్‌కి అదిమిపెట్టి పట్టిన ఆ క్యాచ్, ఆ తర్వాత 35 సెకన్లుండగా టచ్‌డౌన్. 17-14. రెండు చారిత్రక టీమ్‌లు, రెండింటికీ కప్పు లేదు.

చివరి పేజీలు

మిగతాది త్వరగా చెప్తా. ఇంకో రెండు మంచి సీజన్లు ఆడాడు. 2010 అక్టోబర్‌లో పేట్రియాట్స్ అతన్ని మినెసోటాకే ఇచ్చేసింది. పుట్టింటికి తిరిగొచ్చినట్టే, కానీ ఆ ఇంట్లో పాత మనుషులు ఎవరూ లేరు. నాలుగే మ్యాచ్‌లు. పేట్రియాట్స్ చేతిలో ఓడిన రోజు ప్రెస్ ముందు వాళ్లనే పొగిడాడు, వెంటనే మినెసోటా వదిలేసింది. టెనెసీలో 8 మ్యాచ్‌ల్లో 6 క్యాచ్‌లు పట్టాడు. 2011లో రిటైర్ అయ్యాడు. 2012లో శాన్ ఫ్రాన్సిస్కోతో తిరిగొచ్చి, మళ్ళీ సూపర్ బౌల్ ఆడాడు. 34-31తో మళ్ళీ ఓటమే.

మొత్తం 982 క్యాచ్‌లు, 15,292 గజాలు, 156 టచ్‌డౌన్ క్యాచ్‌లు. టచ్‌డౌన్ క్యాచ్‌లలో ఇతనికంటే ముందున్నది రైస్ ఒక్కడే. 2018 ఫిబ్రవరిలో, అర్హత వచ్చిన మొదటి ఏడాదే హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎంపికయ్యాడు. ఆ ప్రకటన జరిగిన ఊరు మినియాపొలిస్. ఆగస్ట్‌లో ఆ గౌరవం అందుకున్న రోజు, పోలీసుల చేతుల్లో చనిపోయిన నల్లజాతివాళ్ల పేర్లు రాసున్న టై కట్టుకుని వచ్చాడు. స్కూల్ గొడవలో కాలితో మాట్లాడిన కుర్రాడు, 41 ఏళ్ల వయసులో ఒక టైతో మాట్లాడాడు.

తర్వాత టీవీలో విశ్లేషకుడయ్యాడు. 2024 డిసెంబర్‌లో పిత్తనాళంలో క్యాన్సర్ అని తనే చెప్పాడు. సర్జరీ చేయించుకుని, 2025 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ రోజు మళ్ళీ స్క్రీన్ మీదకి వచ్చాడు. ఇప్పుడు అమెరికాలో ఎవరైనా డిఫెండర్ నెత్తి మీద నుంచి బంతి లాక్కుంటే, వాడు "మాస్డ్" అంటారు. ఇంటిపేరు క్రియాపదం అయిపోయింది.

సో, అసలు పాయింట్ ఏంటి? లీగ్ తప్పు, మాస్ రైట్ అని నేను చెప్పట్లేదు. ఫైల్లో రాసినవి అబద్ధాలు కావు. ఆ తప్పులు అతను చేశాడు, తర్వాత కూడా కొన్ని చేశాడు. కానీ ఫైల్ చెప్పేది మనిషి ఎక్కడ పడ్డాడన్నది మాత్రమే. ఎవరి పక్కన ఉంటే లేస్తాడో అందులో ఉండదు. 1998లో కార్టర్, గ్రీన్ పక్కన ఉన్నప్పుడు 17. ఓక్లాండ్‌లో ఎవరూ లేనప్పుడు 3. బ్రేడీ పక్కకి వెళ్లిన ఏడాదే 23. మనిషి అతనే.

మనలో చాలామందికి కూడా ఒక ఎర్ర గీత ఉంటుంది. బ్యాక్‌లాగ్‌లు, గ్యాప్ ఇయర్, మధ్యలో మానేసిన కోర్సు. ఆ గీత చెరిగిపోదు. దాన్ని చూసి పక్కన పెట్టేవాళ్ల మీద కోపం పెంచుకునే కంటే, ఆ గీత తమకీ ఉండి, లేచి నిలబడినవాళ్లు ఎక్కడున్నారో వెతకడం మేలు. రేపు సెలెక్ట్ చేసే కుర్చీలో మీరే కూర్చుంటే, ఇతనిలో తప్పేంటి అన్న ప్రశ్న అడిగాక, మినెసోటా అడిగిన ఆ రెండో ప్రశ్న కూడా అడగండి.

1998 సీజన్, 2007 సీజన్, ఈ రెండింట్లో మీకు ఏది గొప్పగా అనిపించిందో కామెంట్‌లో రాయండి. మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.